అచ్చయిన శాస్త్రాన్ని ఎవరు తనిఖీ చేయాలి? - సిరిల్ బర్ట్ వివాదం

మన సామాజిక వ్యాసాల్లో, ఒక్కొక్కసారి సాహిత్య విమర్శలో కూడా, ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: "శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని రుజువు చేశారు." ఏ శాస్త్రవేత్తలు? ఎప్పుడు? ఎంతమందిని పరిశీలించి? ఏ పత్రికలో ప్రకటించారు? ఈ ప్రశ్నలు రాసినవాడు వేసుకోడు, చదివినవాడు అడగడు. పురాణాలను ప్రశ్నించడం నేర్చుకున్న మనం, సైన్స్ పేరుతో వచ్చినదాన్ని ప్రశ్నించకుండా స్వీకరించడమే శాస్త్రీయ దృక్పథం అనుకుంటున్నాం. దీనికి ఎదురు ధోరణి కూడా ఈమధ్య బాగా బలపడింది. "సైంటిస్టులందరూ అమ్ముడుపోయారు, వాళ్ళు రాసింది ఏదీ నమ్మకూడదు" అనేది ఆ ధోరణి. పైకి ఇవి రెండూ ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ లేనిది ఒకటే: పరిశోధనా పత్రాన్ని తెరిచి చదివే శ్రమ.

ఆ శ్రమ ఒక మనిషి చేస్తే ఏమయిందో చెప్పే ఉదంతం ఇది. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త సర్ సిరిల్ బర్ట్ లెక్కల మీద అనుమానం ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. చదువుతూ ఉండగా పుట్టింది. కాబట్టి సాహిత్యం చదువుకునేవాళ్ళకు ఇది పరాయి విషయం కాదు.

బర్ట్ 1883లో పుట్టి 1971లో చనిపోయాడు. 1913 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు లండన్ కౌంటీ కౌన్సిల్‌లో పాఠశాలల మనస్తత్వ నిపుణుడుగా పనిచేశాడు. తర్వాత 1950 దాకా లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసరు. 1946లో ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. బడిలో వెనకబడిన పిల్లల గురించి, బాలనేరస్థుల గురించి ఆయన చేసిన పనిలో మెచ్చుకోదగ్గది కొంత ఉందని ఆయన్ని విమర్శించినవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. కాని ఆయన జీవితమంతా ఒకే మాట చెప్పాడు: తెలివితేటలు పుట్టుకతో వస్తాయి, చాలా భాగం వంశపారంపర్యంగా సంక్రమిస్తాయి, పై వర్గాల పిల్లలు పై స్థానాల్లో ఉండడానికి ముఖ్య కారణం అదే. 1909లో, ఆక్స్‌ఫర్డ్ పట్టణంలోని 43 మంది అబ్బాయిలను పరీక్షించి ప్రకటించిన తొలి వ్యాసంలోనే ఈ నిర్ణయానికి వచ్చేశాడు. అందులో 30 మంది మామూలు బడి పిల్లలు, 13 మంది ప్రొఫెసర్లు, పెద్దమనుషుల పిల్లలు చదివే బడివాళ్ళు. ఆ పదమూడుగురి ఇళ్ళల్లో ఎన్ని పుస్తకాలుండేవో, ఈ ముప్ఫైమంది ఇళ్ళల్లో ఏముండేదో ఆ నిర్ణయాన్ని కదిలించలేదు.

ఇది పండితుల మధ్య గొడవగా మిగిలిపోలేదు. బ్రిటన్‌లో 1944 విద్యా చట్టం తర్వాత పదకొండేళ్ళ వయసులో పిల్లలకు పరీక్ష పెట్టి, కొద్దిమందిని గ్రామర్ స్కూళ్ళకు, ఎక్కువమందిని సెకండరీ మోడర్న్ స్కూళ్ళకు పంపే పద్ధతి వ్యాపించింది. మొదటి దారి విశ్వవిద్యాలయానికి, రెండో దారి చాలామందికి ఫ్యాక్టరీకి. పదకొండేళ్ళకే పిల్లవాడి బుద్ధి ఎంతో తేల్చెయ్యవచ్చుననే నమ్మకం దీనికి పునాది. ఆ నమ్మకానికి శాస్త్ర గౌరవం తెచ్చిపెట్టినవాళ్ళలో బర్ట్ ముఖ్యుడు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. మనం చెప్పుకోబోయే కవలల లెక్కలు 1955 తర్వాతివి. అవే ఆ చట్టానికి కారణం అనడం కాలక్రమం తెలియని మాట. చట్టం వెనక ఉన్నవి ఆయన పాత అభిప్రాయాలు. ఆ పద్ధతి మీద విమర్శ పెరిగిన రోజుల్లో దాన్ని కాపాడడానికి వచ్చినవి ఈ కొత్త అంకెలు.

ఇక కవలలు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు వంశపారంపర్యంగా వచ్చేది ఒకటే. అలాంటి కవలలను పసితనంలోనే విడదీసి వేరు వేరు ఇళ్ళల్లో పెంచితే, పెద్దయ్యాక ఇద్దరి తెలివితేటలూ ఒకే తీరులో ఉంటే, అది పుట్టుక ప్రభావమే అనాలి. వాదం తేటగా ఉంది. కాని ఇందులో ఒక 'అయితే' ఉంది. ఆ రెండు ఇళ్ళూ నిజంగా వేరైనవి అయితే. తల్లి పోయిన కవలల్లో ఒకరిని అమ్మమ్మ, మరొకరిని మేనత్త పెంచారనుకోండి. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఒకే బడికి పోయారనుకోండి. వాళ్ళు వేరు వేరు పరిసరాల్లో పెరిగారని ఎవరంటారు? విడిపోయిన కవలల మీద జరిగిన ఇతర పరిశోధనల్లో ఇలాంటి జంటలు బోలెడు. బర్ట్ లెక్కలకు అంత విలువ రావడానికి కారణం ఇదే. తన కవలలను పెంచిన ఇళ్ళ ఆర్థిక స్థాయిల మధ్య ఏ సంబంధమూ లేదని ఆయన చెప్పాడు. పైగా ఆయన సేకరించినన్ని జంటలు అప్పటికి మరెవరూ సేకరించలేదు.

ఆయన ప్రకటించిన అంకెలు ఇవి. 1955లో: విడిగా పెరిగిన కవలలు 21 జంటలు, బృంద పరీక్షలో వాళ్ళ ప్రజ్ఞాలబ్ధుల సహసంబంధ గుణకం 0.771. 1958లో: ముప్ఫైకి పైగా జంటలు, గుణకం 0.771. 1966లో: 53 జంటలు, గుణకం 0.771. కలిసి పెరిగిన కవలల సంఖ్య కూడా ఈ మధ్యకాలంలో 83 నుంచి 95 జంటలకు పెరిగింది. వాళ్ళ గుణకం మొదట 0.944, చివరా 0.944.

గణితంతో పరిచయం లేని పాఠకుడికి ఒక మాట. రెండు కొలతలు ఎంత జతగా నడుస్తున్నాయో చెప్పే అంకె సహసంబంధ గుణకం. పూర్తిగా జతగా నడిస్తే 1, ఏ పొత్తూ లేకపోతే సున్న. ఇది సగటు లాగే, లెక్కలో ఉన్న మనుషులు మారితే మారుతుంది. ఒక తరగతిలో 21 మంది పిల్లల మార్కుల సగటు 63.471 వచ్చిందనుకోండి. ఇంకో 32 మందిని తెచ్చి కలిపి మళ్ళీ సగటు కట్టండి. 62 రావచ్చు, 65 రావచ్చు, 63.2 రావచ్చు. మళ్ళీ సరిగ్గా 63.471 వస్తే కాకతాళీయం అనుకుంటాం. మూడోసారీ అదే వస్తే, పక్క తరగతి సగటు కూడా ఇలాగే కదలకుండా నిలబడితే, లెక్క కట్టిన మాస్టారు రెండోసారి లెక్క కట్టనే లేదని గ్రహిస్తాం. దీనికి పట్టా అక్కర్లేదు.

అయినా పదహారేళ్ళపాటు ఎవరూ గ్రహించలేదు. బర్ట్ ఒక గణాంక మనస్తత్వ పత్రికకు చాలాకాలం సంపాదకుడు కాబట్టి తన రాతలను తానే అచ్చువేసుకున్నాడని కొందరు సమాధానం చెబుతారు. అది పూర్తి సమాధానం కాదు. 0.771 ఉన్న మూడు వ్యాసాలూ మూడు ఇతర పత్రికల్లో వచ్చాయి. వాటిలో ఒకటి అమెరికాది. వాటికి సంపాదకులున్నారు. వేలాది పాఠకులున్నారు. విశ్వవిద్యాలయాల్లో పాఠ్యపుస్తకాలు ఆ అంకెలను ఎత్తి రాసుకున్నాయి. 1969లో అమెరికాలో ఆర్థర్ జెన్సెన్, పేద పిల్లలకూ నల్లజాతి పిల్లలకూ ప్రత్యేక విద్యా పథకాలు పెట్టినా ప్రజ్ఞాలబ్ధి పెద్దగా పెరగదని వాదిస్తూ సుదీర్ఘ వ్యాసం రాసినప్పుడు ఆయన చేతిలో ఉన్న బలమైన ఆధారాల్లో బర్ట్ కవలలు ఒకటి. అంటే ఆ మూడు దశాంశాలు అట్లాంటిక్ దాటి, బర్ట్ ఎన్నడూ చూడని పిల్లల చదువు మీద తీర్పు చెప్పసాగాయి.

1972లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో లియాన్ కామిన్ అనే ప్రొఫెసరును ఆయన విద్యార్థి ఒకరు బర్ట్ 1966 వ్యాసం చదవమని కోరాడు. కామిన్ అంతదాకా ప్రజ్ఞా పరీక్షల రంగంలో పనిచేసినవాడు కాదు. జంతువుల అభ్యసనం మీద ప్రయోగాలు చేసేవాడు. చదవడం మొదలుపెట్టిన పది నిమిషాల్లోనే అనుమానం వచ్చిందని తర్వాత చెప్పుకున్నాడు. మొదట ఆయన్ని ఆపినవి అంకెలు కూడా కావు. ఏ పరీక్ష పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు, పిల్లల్లో ఆడ ఎందరు మగ ఎందరు అనే మామూలు వివరాలు ఆ వ్యాసంలో లేకపోవడం. దాంతో పాత వ్యాసాలన్నీ తీసి పక్కపక్కన పెట్టుకుని చదివాడు. అప్పుడు కనిపించాయి కదలని అంకెలు. పెద్దవాళ్ళ తెలివితేటలను చాలావరకు మాటామంతీ ద్వారా అంచనా వేశామని, అనుమానమున్న చోట మాత్రమే పరీక్ష అని తెలియకుండా పరీక్ష పెట్టామని బర్ట్ ఒకచోట రాసుకున్న సంగతి కూడా అప్పుడే వెలుగులోకి వచ్చింది. 1974లో కామిన్ పుస్తకం అచ్చయింది. జెన్సెన్ కూడా అదే సంవత్సరం బర్ట్ పట్టికలన్నీ పరిశీలించి, అవి సిద్ధాంతాలను పరీక్షించడానికి పనికిరావని రాశాడు. అయితే మోసం అనే మాటను మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

కామిన్ చేసినదానికి మన సాహిత్యంలో పేరుంది. పాఠ పరిష్కరణ. బ్రౌన్ దొర వేమన పద్యాల తాళపత్ర ప్రతులు సేకరించి ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు, మన పండితులు భారతంలో ప్రక్షిప్తాలను ఏరినప్పుడు చేసింది ఈ పనే. ఒక ప్రతిని ఒంటరిగా చదివితే తప్పు కనబడదు. ప్రతులు పక్కపక్కన పెట్టినప్పుడు, మారవలసిన చోట మారనిదీ, మారకూడని చోట మారినదీ బయటపడతాయి. అంకెలు ఉన్న పేజీ వచ్చేసరికి మన కళ్ళు గబగబా కిందికి దిగిపోతాయి. సాహిత్య విద్యార్థులకు ఇది మరీ అలవాటు. బర్ట్‌కు అంతకాలం రక్ష ఆ అలవాటే. ఆయన పాఠకుల్లో ఎక్కువమంది శాస్త్రజ్ఞులైనా వాళ్ళకూ అదే అలవాటు.

తర్వాతి అధ్యాయం ఒక విలేఖరిది. 1976 అక్టోబర్ 24న లండన్ సండే టైమ్స్‌లో ఆలివర్ గిల్లీ మొదటి పేజీలో బర్ట్‌ను బాహాటంగా మోసగాడన్నాడు. ఆయన కొత్తగా తెచ్చిన అంశం విచిత్రమైనది. బర్ట్ పరిశోధనలకు సహాయకులుగా మార్గరెట్ హోవర్డ్, జె. కాన్వే అనే ఇద్దరి పేర్లు వ్యాసాల్లో ఉన్నాయి. కాన్వే పేరుతో 1958లో బర్ట్ సంపాదకత్వంలోని పత్రికలోనే ఒక కవలల వ్యాసం కూడా వచ్చింది. గిల్లీ ఈ ఇద్దరి కోసం వెతికాడు. విశ్వవిద్యాలయ రికార్డుల్లో లేరు, సహోద్యోగుల జ్ఞాపకాల్లో లేరు. తర్వాత కొందరు మాత్రం 1930లలో హోవర్డ్ అనే ఆమెను చూసిన గుర్తుందన్నారు. అది నిజమే కావచ్చు. కాని 1950ల తర్వాత కవలల ఇళ్ళకు తిరిగి పరీక్షలు పెట్టిన హోవర్డ్ గాని కాన్వే గాని ఎవరికీ దొరకలేదు. కథకులు పాత్రలను సృష్టిస్తే పాఠకుడికి అది కథ అని ముందే తెలుసు. ఆ ఒప్పందం లేని చోట సృష్టించిన పాత్రను ఏమనాలో పాఠకులే చెప్పాలి.

వృద్ధుడు చనిపోయాక రాళ్ళు రుద్దుతున్నారని పెద్ద దుమారం లేచింది. కామిన్ వామపక్షీయుడని, పక్షపాతంతో చేశాడని అన్నారు. కామిన్ యవ్వనంలో కమ్యూనిస్టు పార్టీలో ఉన్న మాట నిజం. మెకార్తీ సంఘం ముందు పేర్లు చెప్పడానికి నిరాకరించి కేసులో ఇరుక్కున్న మాటా నిజం. వర్గాల తెలివి పుట్టుకలోనే ఉందన్న వాదం ఆయనకు నచ్చదు. బహుశా అందుకే అంత శ్రద్ధగా చదివాడు. అయితే ఏమిటి? ఎవరు ఎందుకు చదివారన్నది ఒక ప్రశ్న, చదివి చూపించింది పేజీ మీద ఉందా లేదా అన్నది మరో ప్రశ్న. 0.771 అనే అంకె కామిన్ రాసింది కాదు.

ఈ దుమారాన్ని చాలావరకు ఆపినవాడు బర్ట్ అభిమాని. లెస్లీ హెర్న్‌షా అనే ప్రొఫెసరు బర్ట్ సంస్మరణ సభలో ప్రసంగించినవాడు. బర్ట్ సోదరి కోరిక మీద జీవితచరిత్ర రాయడానికి పూనుకున్నాడు. డైరీలు, ఉత్తరాలు ఆయన చేతికి వచ్చాయి. 1979లో పుస్తకం వచ్చేసరికి ఆయన కూడా అదే నిర్ణయానికి చేరాడు. అందులో ఒక చిన్న విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 1968 చివరలో క్రిస్టఫర్ జెంక్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 53 జంటల విడివిడి మార్కులు పంపమని బర్ట్‌కు రాశాడు. ఇది శాస్త్రంలో అతి సామాన్యమైన కోరిక. పట్టిక ఉంటే దాన్ని ఎత్తిరాసి పంపడానికి ఒక పూట చాలు. జవాబు కొన్ని వారాల తర్వాత వెళ్ళింది. 1969 జనవరి డైరీలో మాత్రం, జెంక్స్ కోసం కవలల లెక్కలు కడుతూ ఆ వారమంతా గడిపినట్లు ఉంది. ఉన్న మార్కులను ఎత్తిరాయడం వేరు, లెక్క కట్టడం వేరు. వచ్చిన గుణకానికి సరిపోయే మార్కులను వెనక్కి అల్లుకుంటూ వెళ్ళాడని హెర్న్‌షా ఊహ.

1978లో డొనాల్డ్ డార్ఫ్‌మన్ బర్ట్ 1961 వ్యాసాన్ని తీసుకున్నాడు. అందులో 40,000 మంది తండ్రులు, కొడుకుల లెక్కలున్నాయి. ఆ అంకెలు సిద్ధాంతం చెప్పే వక్రరేఖకు మనుషుల కొలతలు ఎన్నడూ సరిపోనంత చక్కగా సరిపోయాయని ఆయన చూపించాడు. నిజమైన సేకరణలో అరుగుదల, తప్పులు, వంకరలు ఉంటాయి.

ఇక్కడితో కథ ముగిసిందంటే నేనూ నిజం దాచినట్టే. 1989లో రాబర్ట్ జాయిన్సన్, 1991లో రొనాల్డ్ ఫ్లెచర్ బర్ట్‌ను సమర్థిస్తూ పుస్తకాలు రాశారు. యుద్ధకాలపు బాంబుదాడుల్లో కాగితాలు పోయాయని, దొరికినవి దొరికినట్లు తర్వాత కలుపుకున్నాడని, ముసలితనంలో పాత గుణకాలను అశ్రద్ధగా ఎత్తిరాశాడని వాళ్ళ వాదం. 1980లో హెర్న్‌షా నిర్ణయాన్ని ఆమోదించిన బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ, 1992లో ఈ ఆరోపణల నిజానిజాలపై సంస్థగా తనకు అభిప్రాయం లేదని ప్రకటించింది. పైగా, విడిగా పెరిగిన కవలల మీద మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1990లో ప్రకటించిన పరిశోధనలో గుణకాలు బర్ట్ అంకెలకు మరీ దూరంగా లేవు. చూశారా, బర్ట్ చెప్పింది నిజమే అని కొందరు సంబరపడ్డారు. ఈ వాదం వింతగా ఉంది. చూడని సాక్షి చెప్పిన మాట తర్వాత నిజమని తేలినా, అతడు చూసినవాడు కాడు. మిన్నెసోటా లెక్కలను మిన్నెసోటా పద్ధతుల మీద, ఆ ఇళ్ళు ఎంత వేరన్న ప్రశ్న మీద తూచాలి. బర్ట్ పద్దులో జమ కట్టడానికి వీల్లేదు.

పత్రికల్లో అచ్చుకు ముందు నిపుణులు చదివి ఆమోదించే పద్ధతి మీద మనకు అతి నమ్మకం ఉంది. అలా చదివే నిపుణుడు చాలావరకు చూసేది వ్యాసాన్నే. పరీక్ష పేపర్లను కాదు, పిల్లలను కాదు. తర్కం సరిగ్గా ఉందా, లెక్క పద్ధతి తగినదా అని చూస్తాడు. ఎదుటివాడు అబద్ధమాడడన్న నమ్మకంతోనే మొదలుపెడతాడు. మళ్ళీ చేసి చూడడం అనే రెండో కాపలా ఉంది. విడిపోయిన కవలలు వీధికొకరు దొరకరు కాబట్టి ఇక్కడ అదీ పనిచేయలేదు. మిగిలింది ముడి లెక్కలు నలుగురి ముందు పెట్టడం. ఆ పనిని ఏ పత్రికా బర్ట్‌ను అడగలేదు. పదకొండేళ్ళ పిల్లల తండ్రులకైతే అడిగే దారే లేదు.

ఈ ఉదంతం విని, ప్రత్యర్థి దొరికిపోయాడని మనవైపు వాళ్ళు సంతోషిస్తే మరో పేరు గుర్తుచేయక తప్పదు. లైసెంకో. వంశపారంపర్యాన్ని పరిసరాలతో మార్చవచ్చునన్న ఆయన వాదం మన చెవికి ఇంపుగా ఉండేది. సామూహిక క్షేత్రాలకు ప్రశ్నపత్రాలు పంపి, తెప్పించుకున్న జవాబులనే రుజువులుగా చూపాడు. పోల్చడానికి పక్కన మామూలు విత్తనం వేసిన మడి ఉందా అని అడిగినవాళ్ళు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వావిలోవ్ అంతటి వృక్ష శాస్త్రవేత్త 1940లో అరెస్టయి 1943లో సరతోవ్ జైల్లో చనిపోయాడు. 1948లో లైసెంకో వాదమే అధికార సిద్ధాంతమయింది. దాన్ని పొగిడిన అభ్యుదయ రచయితలు అనేక దేశాల్లో ఉన్నారు. ఆ వాదాన్ని కూల్చినవాటిలో 1965లో ఆయన సొంత క్షేత్రంలోని ఆవుల రికార్డులను సైన్స్ అకాడెమీ సంఘం తీసి చూడడం ఒకటి. ఇక్కడా పుస్తకం తెరవడమే పనిచేసింది, తెరవడానికి పదిహేడేళ్ళు పట్టింది.

శాస్త్రాన్ని ప్రశ్నించడమంటే దేన్నీ నమ్మకపోవడం అనుకునేవాళ్ళకు వేరే ఉదాహరణ చాలు. 1998లో లాన్సెట్ పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరికొందరు 12 మంది పిల్లల మీద వ్యాసం ప్రకటించారు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చునన్న అనుమానం దానితో లేచింది. డాక్టర్లను, ప్రభుత్వాన్ని ధిక్కరించే పాత్ర వేక్‌ఫీల్డ్‌ది. అందుకే ప్రశ్నించే అలవాటున్న తల్లిదండ్రులే ఆయన్ని ఎక్కువగా నమ్మారు. 2004 నుంచి బ్రయన్ డీర్ అనే విలేఖరి, అదీ సండే టైమ్స్‌లోనే, ఆ పన్నెండుగురి కేసులను ఒక్కొక్కటే తవ్వాడు. వ్యాసంలో రాసినదానికీ ఆస్పత్రి రికార్డులకూ పొంతన లేదని చూపాడు. టీకా కంపెనీల మీద దావా వేయబోతున్న లాయరు నుంచి వేక్‌ఫీల్డ్ డబ్బు తీసుకున్న సంగతి బయటపెట్టాడు. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, వేక్‌ఫీల్డ్ వైద్యుడిగా అర్హత కోల్పోయాడు. ఈలోగా టీకా వేయించడం తగ్గిన చోట్ల తట్టు మళ్ళీ వచ్చింది. ఒకే పత్రిక రెండుసార్లు, ఒకసారి గద్దెమీద ఉన్నవాణ్ణి, మరోసారి గద్దెను ఎదిరించినట్టు కనిపించినవాణ్ణి, ఒకే ప్రశ్న అడిగింది: కాగితాలు చూపించు.

బర్ట్ కాగితాలు ఇప్పుడు చూడడానికి చాలావరకు లేవు. ఆయన చనిపోయాక, ఆయన సెక్రటరీ ఒక విద్యా మనస్తత్వ శాస్త్ర ప్రొఫెసరును సలహా అడిగింది. ఆయన బర్ట్ అభిప్రాయాలను వ్యతిరేకించినవాడే. పెట్టెల్లో ఉన్నవి పనికిరానివనుకుని కాల్చివేయడానికి ఒప్పుకున్నాడు.

బర్ట్ శిష్యుల్లో ప్రసిద్ధుడు హాన్స్ ఐసెంక్. మన కాలేజీల్లో మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళకు తెలిసిన పేరే. 1997లో చనిపోయాడు. ఫలానా స్వభావం ఉన్నవాళ్ళకు క్యాన్సర్ వస్తుందని, మాటలతో చేసే చికిత్సతో ఆ ముప్పు ఎంతో తగ్గుతుందని, గ్రొసార్త్-మాటిచెక్ అనే పరిశోధకుడితో కలిసి ఆయన వరుసగా వ్యాసాలు ప్రకటించాడు. ఆ ఫలితాలు నమ్మశక్యంగా లేవని ఆంథొనీ పెలోసి అనే మానసిక వైద్యుడు 1992లోనే ఒక సహ రచయితతో కలిసి రాశాడు. 2019లో మళ్ళీ రాశాడు. ఆ సంవత్సరం ఐసెంక్ పనిచేసిన లండన్ కింగ్స్ కాలేజీ విచారణ జరిపి, వాళ్ళిద్దరి పేర్లతో వచ్చిన 26 వ్యాసాలు నమ్మదగినవి కావని తేల్చింది. ఆ పైన పత్రికలు ఒక్కొక్కటిగా వాటిని ఉపసంహరించుకోవడం మొదలుపెట్టాయి.